మా అత్తగారి ఒకే పొయ్యి

ఈ నెల మొదట్లో ఓ బుధవారం పొద్దున్న కాఫీ తాగుతూ, "ఈవేళ భోజనానికి ఎవరొస్తన్నారమ్మాయ్?" అని అడిగి, గ్లాసు కింద పెట్టేలోపే మా అత్తగారు ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారు. తొంభై దాటిన మనిషి. మా ఇంటికి భోజనాలకి జనం రావటం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా ఆవిడ రోజూ అడిగేవారు, నేను రోజూ "ఎవరూ లేరత్తయ్యగారూ" అనేదాన్ని. ఆ జవాబు ఆవిడకి ఒక్కనాడూ నచ్చలేదు.

ఎలా నచ్చుతుంది? నర్సీపట్నంలో మిషన్ బంగళా నడిపిన చెయ్యి అది. చలికాలం వచ్చిందంటే ఏజెన్సీ పల్లెల్లో వైద్యం చేసే బృందం మా బంగళాలో దిగేది. డాక్టర్లు, నర్సులు, కంపౌండరు, డ్రైవరు. ఒకరిది తమిళం, ఒకరిది మలయాళం, ఒకరిద్దరు తెల్లవాళ్ళు. పొద్దున్నే జీపెక్కి కొండలకి పోయి, సాయంత్రానికి ఒంటినిండా ఎర్రదుమ్ముతో దిగేవారు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. నా పెళ్ళిలో లేనంత సందడి అక్కడ రోజూ ఉండేది. అంతమందికీ ఒక్కటే స్నానాల గది. మా అత్తగారు తిరగేసిన బకెట్టు మీద కూర్చుని గరిటెతో తలుపు బాదేవారు.

"బేగి రండి డాక్టరుగారూ! లోపల ఆపరేషనేటి సేస్తన్నారా?"

భోజనాల దగ్గర ఆవిడది ఇంకో చట్టం. పొడుగు ప్రార్థన చేసినవాళ్ళు గిన్నెలు తోమాలి. "దేవుడికి అన్నీ తెలుసు బాబూ, పులుసు సల్లారిపోతందని మనకే తెలీదు" అనేవారు. పెద్ద డాక్టరుగారు ఒకసారి ఆదాము దగ్గర్నుంచి ఎత్తుకున్నారు. పాపం, మాడిన అన్నం గుండిగ ఆయన వంతుకే వచ్చింది.

ఇన్ని నోళ్ళకీ పొయ్యి మాత్రం ఒకటే. కారం తినలేనివాళ్ళకి ముందు తీసిపెట్టి, ఆ తర్వాతే కారం వేసేవారు. రెండో పొయ్యి మాట ఎత్తితే ఒప్పుకునేవారు కాదు. ఆవిడ పుట్టింట్లో అన్నదమ్ములు ముందు పొయ్యిలు వేరు పెట్టుకున్నారట, తర్వాత గోడ కట్టుకున్నారట, ఆ తర్వాత మాటలే లేవట. "పొయ్యి రెండయితే ఇల్లు రెండయిపోద్దమ్మాయ్" అనేవారు నాతో.

ఒక ఏడాది కేరళ నుంచి కొత్త సిస్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల. మన పులుపూ కారమూ తినలేక, వాళ్ళమ్మ ఇచ్చి పంపిన కొబ్బరినూనె సీసా వంటింటి గట్టు మీద దాచుకుంది. శనివారం అది మా అత్తగారి కంటపడింది. మనకి కొబ్బరినూనె అంటే తలకి రాసుకునేదే కదా! "దుమ్ములో తిరిగి జుట్లు పీసులైపోనాయి, రండర్రా" అంటూ ఆడవాళ్ళందర్నీ మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి, నూనె పట్టించి జడలల్లేశారు. తెల్ల డాక్టరమ్మని కూడా వదల్లేదు. అంతలో సిస్టరమ్మ బజారు నుంచి చేపలు పట్టుకుని వచ్చింది. ఖాళీ సీసాని చూసింది, మెరిసిపోతున్న తలల్ని చూసింది.

"అమ్మా! అది కూరలో వేసే నూనె!"

డ్రైవరు పడీపడీ నవ్వాడు. "తలకి రాసే నూనెతో కూరేటండీ బాబూ!"

అంతే, ఆ పిల్ల భోరుమంది. రేపట్నుంచి వేరే పొయ్యి పెట్టుకుంటానని, కాదంటే రైలెక్కి వెళ్ళిపోతానని అంది. ఇదే అదనుగా తమిళ డాక్టరుగారు తనకీ ఒక పొయ్యి ఉంటే బాగుండునన్నారు. మా అత్తగారి మొహం వాడిపోయింది. ఊరందరికీ కొసరి కొసరి పెట్టే మనిషి ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు ఆదివారం గుడిలో ఆరాధన అవగానే బజారుకెళ్ళి కొత్త కొబ్బరినూనె తెచ్చి, మా నువ్వులనూనె పక్కనే పెట్టారు.

"సిస్టరమ్మా, తప్పు నాదేనమ్మా. రెండో పొయ్యి మాత్రం పెట్టను. వారానికో రోజు ఈ పొయ్యి నీది. నువ్వు వండు, అందరం తింటాం. డాక్టరుగారూ, మీకూ ఓ వంతు. ఎవులు వండినా ఇంకొకలు మొకం ముడుసుకోకూడదు."

ఆ రోజే సిస్టరమ్మ వంతు, చేపల కూర. అందరి కళ్ళూ డ్రైవరు మీదే. అతను కళ్ళు మూసుకుని ముద్ద మింగాడు. తర్వాత కళ్ళు తెరిచాడు. తర్వాత కంచం చాపాడు.

"ఏటి సిస్టరమ్మా, ఇంత బాగుంటాదని ముందే సెప్పొచ్చు కదా!"

తెల్ల డాక్టరమ్మ వంతు నాడు చేసిన సూపు వేణ్ణీళ్ళకి అన్నగారు. మా అత్తగారు నవ్వుతూ రెండోసారి పోయించుకుని, నా చెవిలో "అమ్మాయ్, ఆవకాయ ముక్కేదైనా ఉంటే పట్రా" అన్నారు. ఎనభైల్లో ఆ బృందం రావటం ఆగేదాకా వంతులు నడిచాయి. రెండో పొయ్యి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నిన్న ఆవిడ జ్ఞాపకార్థం కూడిక. బంగళా ఎప్పుడో మూసేశారు, దాని వెనక రెండు గదుల్లోనే మేముంటున్నాం. వంటలు బయట చెప్పేద్దామని మా ఆయన అంటుండగా గేటు ముందు ఆటో ఆగింది. తల నెరిసిన ఓ పెద్దావిడ దిగింది. నన్ను కావలించుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి, కొంగు బిగించింది.

"పొయ్యి ఎక్కడ? ఈరోజు నా వంతు."

రోలుగుంట నుంచి కర్ర పొడుచుకుంటూ వచ్చిన ఆనాటి డ్రైవరు ప్రార్థన చేశాడు. "ప్రభువా, కూర వేడిగా ఉంది. ఆమెన్." ఏడుస్తున్నవాళ్ళందరూ నవ్వేశారు.

తిన్నాక సిస్టరమ్మ మిగిలిన నూనె తీసుకుని నన్ను మెట్ల మీద కూర్చోబెట్టింది. నా తెల్లజుట్టు విప్పి నూనె పట్టిస్తుంటే, ఎదురుగా అత్తగారి కుర్చీ కనిపించింది.

"అందరూ వచ్చారత్తయ్యగారూ" అన్నాను.