కమాను మీద రెండు సింహాలు

ఊరు ఊరంతటి ఓట్లను మూటగట్టి ఒక్క సిమెంటు కమానుకు అమ్మిన మొనగాణ్ణి నేను. మా నియోజకవర్గంలో అంత చురుకైన బేరం ఇంతవరకు ఎవరూ ఆడలేదని ఇప్పటికీ నమ్ముతాను. కమాను పోలింగుకు మూడు రోజుల ముందే నిలబడింది. పైన రెండు సింహాలు కూడా వచ్చాయి. ఆ సింహాలు మొదటి మాటలో లేవు. అవి నా నోటి చలవ.

మాది వనపర్తి జిల్లాలో, శ్రీరంగాపూర్ దాటి లోపలికి ఉన్న ఊరు. ఊళ్లోకి రాగానే మొదట కనిపించేది మా కిరాణా దుకాణం. మూడు తరాలుగా మా ఇంట్లో పిల్లలకు మాటలకంటే ముందు తూకం వస్తుంది, తూకం కంటే ముందు బేరం వస్తుంది. దుకాణం ముందు పొడుగాటి బండల అరుగు ఉంది. ఈ నియోజకవర్గం చరిత్రంతా ఆ అరుగు మీద కూర్చునే చూశాం.

మా తాత కాలంలో ఓటుకు ధర లేదు, అడిగే అలవాటు లేదు కాబట్టి. దొర బంగళా నుంచి జీపు వచ్చేది. లోపలున్నాయన కిందికి దిగకుండానే గుర్తు చెప్పి పోయేవాడు. "మాకు చెప్పిండ్రు, మేం గుద్దినం, గంతే" అనేవాడు తాత. నాన్న కాలానికి రెండు పెద్దిళ్లు రెండు పక్షాలయ్యాయి. ధోవతులు ఒకరు పంచితే చీరలు ఇంకొకరు పంచారు. నాన్న దుకాణానికి అటొక జెండా, ఇటొక జెండా కట్టాడు. ఇదేందని అడిగితే, "ఒకటి ఎండకు, ఒకటి వానకు" అన్నాడట. నా కాలానికి పూణె, బొంబాయి పనులకు పోయినవాళ్లను ఓటు కోసం బస్సులు పెట్టి తెప్పించడం మొదలైంది. ఈ మధ్యలో కండువాలు ఎన్ని రంగులు మారాయో లెక్కలేదు. కండువాల కింది మెడలు మాత్రం ఎప్పుడూ ఆ రెండు ఇళ్లవే.

పూణె నుంచి వచ్చినవాళ్లే ఊరికి కొత్త పద్ధతి నేర్పారు. ఇంటికో రేటు తీసుకునే బదులు ఊరంతా ఒక్కటే కోరిక అడగాలి, ఒప్పుకున్నవాడికే ఊరంతా వేయాలి. దానికి మేం పెట్టుకున్న పేరు 'ఒక్క మాట'. అరుగు మీద కూర్చుని మాట తేల్చుకుంటాం, కొబ్బరికాయ కొట్టి ఖాయం చేస్తాం. కొబ్బరికాయ మా దుకాణందే. మాట అడగడానికి నన్ను పెట్టారు. తప్పో ఒప్పో, బేరానికి నన్ను మించినవాడు ఊళ్లో లేడు.

ఆ ఏడు ఒక అభ్యర్థి బామ్మర్ది మా అరుగు మీదికి వచ్చాడు. గెలిచే గాలి వాళ్లదేనని అందరికీ తెలుసు. రెండు దార్లు చెప్పాడు. వాగు మీద బ్రిడ్జి కావాలంటే గెలిచాక మంజూరు చేయిస్తారు, టైం పడుతుంది. వెంటనే కావాలంటే ఊరికి కమాను, పోలింగు లోపలే.

అరుగు చివర పాలక్యాను పక్కన పెట్టుకుని ఒక అక్క నిలబడి ఉంది. నాకు చుట్టం కాదు, కానీ చిన్నప్పటి నుంచీ అక్కా అనే పిలుస్తాను. భర్త లేడు. మూడు బర్రెలే ఆమె సంసారం. పాల కేంద్రం వాగు అవతల ఉంది, పొద్దున ఆరున్నర దాటితే పాలు తీసుకోరు. వాగు పారిన రోజు ఆమె పాలు ఇవతల ఒడ్డునే విరిగిపోతాయి.

"సేటూ, వాగు అడుగు" అంది.

"అక్కా, అది గెలిచినంక మాట. అరువు మాట నమ్ముకుంటే దుకాణం నడుస్తదా?"

"నీ దుకాణానికి వాగు అడ్డం లేదు గద."

అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. "ఈ లీడర్లకు అరువు పెట్టినోడు బాగుపడ్డ దాఖలా ఉంటే చెప్పు, బ్రిడ్జే అడుగుత" అన్నాను. ఆమె క్యాను ఎత్తుకుని పోయింది. నేను కొబ్బరికాయ కొట్టాను.

తర్వాత అసలు బేరం మొదలైంది. బామ్మర్ది తెచ్చిన కాగితం మీద కమాను పదహారు అడుగుల ఎత్తు ఉంది, పైన ఉత్త పలక.

"పైన సింహాలు ఏవి?" అన్నాను.

"సేటూ, సింహాలకు వేరే ఖర్చయితది."

"ఎత్తు కొంచెం తగ్గించుండ్రి. ఆ సిమెంటుల సింహాలు వస్తయి."

నాలుగు అడుగుల ఎత్తు తగ్గించి రెండు సింహాలు పెట్టేలా బేరం తెగింది. బామ్మర్ది నా చెయ్యి పట్టుకుని, "నువ్వు పోటీ చేస్తే మేం ఇంట్ల కూసోవాలె" అన్నాడు. ఆ మాటను నెల రోజులు ఊరంతా చెప్పుకు తిరిగాను.

వాళ్లు గెలిచారు. మా పోలింగు బూతులో ఎదుటివాడికి పడిన ఓట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తర్వాత కమాను కింద సీసీ రోడ్డు పోశారు. రోడ్డు పెరిగిన మందాన కమాను ఇంకా కిందికి దిగినట్టయింది. రోడ్డు తెరిచిన రోజు మధ్యాహ్నం బస్సు డ్రైవరు దిగి, పైకి చూసి, నావైపు చూసి, వెనక్కి తిప్పుకున్నాడు. అంతకుముందు ఊరి చివరిదాకా పోయే బస్సు ఆ రోజు నుంచి కమాను దగ్గరే ఆగిపోతోంది. కోత మిషను కూడా పొలాల మీదుగా చుట్టు తిరిగే పోతోంది.

అయినా ధైర్యం చెడలేదు. గెలిపించిన ఊరు, ఇప్పుడు బ్రిడ్జి అడిగితే కాదంటారా అని వనపర్తిలో వాళ్ల ఆఫీసుకు పోయాను. బామ్మర్ది మర్యాదగా చాయ తాగించాడు.

"మీ ఊరి లెక్క తీరిపోయింది గద సేటూ. ఓట్లకు ముందే ఇచ్చేస్తిమి."

నేను చాయ గ్లాసు కింద పెట్టాను. నగదు ముందు, అరువు వద్దు అని మా గల్లాపెట్టె మీద రాసిపెట్టుకున్న మాటే ఆయన నాకు తిప్పి చెప్పాడు.

పక్క గదిలో ఎగువ ఊరివాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లు అదే మనిషి దగ్గర గెలిచినంక బ్రిడ్జి అన్న మాట తీసుకున్నారు. నెలకోసారి వచ్చి అడుగుతున్నారు. బాకీ ఉన్నవాడు గనుక ఆయన వాళ్లకు ముఖం చాటేయలేడు. రెండేళ్లకు అదే వాగు మీద, మాకు ఎగువన, బ్రిడ్జి కట్టించుకున్నారు. మా ఊరి నుంచి అటు తిరిగి పోవాలంటే తొమ్మిది కిలోమీటర్లు. ఆరున్నరలోపల క్యానుతో నడిచి చేరే దూరం కాదు.

మొదటి వానాకాలం అక్క ఒక బర్రెను అమ్మింది, మూడో వానాకాలం ఇంకొకటి అమ్మింది. తౌడు, పల్లి చెక్క మా దుకాణంలోనే కొనేది, కాబట్టి సంచి చిన్నదవుతున్న సంగతి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకసారి వాగు పారుతుంటే విరిగిన పాల క్యానుతో తిరిగివచ్చి దుకాణం ముందు ఆగింది. కమాను పైకి చూసింది.

"నీ సింహాలకు పొయ్యనా సేటూ? పాపం, ఎన్నడు తిన్నయో ఏమో."

నేను తూకంరాళ్లు సర్దుకున్నాను.

మొన్నటి ఎన్నికలకు మళ్లీ అరుగు మీద కూర్చున్నాం. ఈసారి ఇంకో కండువావాళ్లు వచ్చారు. అందరూ నావైపు చూశారు. "ఈసారి అక్క మాట్లాడుతది" అన్నాను. ఒకరిద్దరు గొణిగారు. ఆమె క్యాను కింద పెట్టింది.

"మాకు ఇప్పుడు ఏం వద్దు. చాయ గూడ వద్దు. గెలిచినంక బ్రిడ్జి కట్టుండ్రి. కట్టేదాక నెలనెల నేనొచ్చి మీ గడపల కూసుంట. ఇష్టమైతే చెప్పుండ్రి, లేకుంటే పొద్దు పోతున్నది, బర్రెకు గడ్డి కోసుకోవాలె."

వచ్చినాయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. సరే అన్నాడు. కొబ్బరికాయ ఆమే కొట్టింది. వాళ్లే గెలిచారు. ఆమె ఇంకో నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని నెలనెలా పోతూనే ఉంది. ఇప్పుడు వాగులో నాలుగు పిల్లర్లు లేచాయి. పైన స్లాబు పడలేదు. ఈ వానాకాలం కూడా అనుమానమే. కానీ పడుతుంది. ఆమె సంగతి తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఇక నా బేరం లెక్క. ఊరికి వచ్చింది ఒక కమాను, రెండు సింహాలు. ఒకదాని తోక ఇప్పటికే విరిగింది. ఊరికి పోయింది లోపలిదాకా వచ్చే బస్సు, ఒక బ్రిడ్జి, ఐదుకు పైనే వానాకాలాలు. అక్కకు పోయింది రెండు బర్రెలు. బ్రిడ్జి పూర్తయినా అవి తిరిగి రావు.

ఇంకొకటి ఉంది, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కాగితం మీద కమానును ఊరి బయట, తారు రోడ్డు మలుపులో గీశారు. దాన్ని మా దుకాణం పక్కకు జరిపించింది నేనే. ఎన్నికల రోజుల్లో వచ్చిపోయేవాళ్లంతా మా అరుగు ముందే ఆగుతారని ఆశ. బస్సు ఆగిపోతుందని నాకు తెలియదు, అది నిజం. కానీ ఆగిన రోజు నుంచి దాని కోసం ఎదురుచూసేవాళ్లు మా దుకాణంలోనే చాయ తాగుతున్నారు, బిస్కెట్లు కొంటున్నారు. ఆ రాబడితోనే దుకాణం పైన ఇంకో గది వేశాను. కిటికీ తీస్తే సింహాల వీపులు కనిపిస్తాయి.

అక్కకు బర్రెను కొనిస్తానని ఒకసారి అన్నాను. "బ్రిడ్జి పడనీ, నేనే కొనుక్కుంట. నువ్వు తౌడు సరిగ్గ జోకు, చాలు" అంది. తూకం తప్పకుండా జోకుతున్నాను. ఊరు నాకు అప్పగించిన బేరంలో లాభం మిగిలిన ఇల్లు ఒక్క మాదే.