రెండు రూపాయి బిళ్లల కొలత

2022 వానాకాలం. మేడ్చల్ నుంచి గండిమైసమ్మ పోయే రోడ్డు పక్కన నేను కార్ల షెడ్డు పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. షామీర్‌పేట, తూంకుంట నుంచి కూడా బండ్లు వచ్చేవి. "సత్తయ్య ఉత్తపుణ్యానికి సామాను మార్పియ్యడు" అని నాకొక పేరు. ఆ పేరు చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఆ పొగరే ఒకరోజు నా మెడకు చుట్టుకుంది.

ఒక మంగళవారం మధ్యాహ్నం నర్సింలన్న వచ్చాడు. షామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబం. ఇంట్లో అందరూ కష్టపడి ఒక పాత కారు కొనుక్కున్నారు. బండి నా షెడ్డులోకి వస్తుంటేనే ముందు చక్రాలు కీచుమంటున్నాయి.

"జల్దీ చూడు సత్తయ్యా. మా స్వరూపకు ఏడో నెల. మొదటి కాన్పు గదా, రేపు గజ్వేల్ పోయి అత్తగారింటి నుంచి బిడ్డను తోల్కరావాలె. పొద్దుగాల తొమ్మిది లోపల గడప దాటాల్నని అయ్యగారు చెప్పిండు. రేపు దాటితే మల్ల పది దినాలు మంచిది లేదంట."

"మంచిదే అన్నా, కూసో. ఛాయ్ తాగేలోపల చూస్త" అన్నాను.

ఈ పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ముందు చక్రం వెనక ఇనుప పళ్లెం ఒకటి చక్రంతోపాటే తిరుగుతుంది. మేం డిస్క్ అంటాం, కంపెనీ పుస్తకాల్లో రోటార్ అని ఉంటుంది. బ్రేక్ తొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని అటూ ఇటూ నొక్కి ఆపుతాయి. ప్యాడ్లు అరుగుతాయి, మారుస్తాం. వాటితోపాటు డిస్క్ కూడా మెల్లగా పల్చబడుతుంది. ఎంతకన్నా పల్చబడితే వాడకూడదో ఆ అంకె దాని మీదే కొట్టి ఉంటుంది. నర్సింలన్న బండికి అది ఇరవై మిల్లీమీటర్లు.

చక్రం విప్పితే ప్యాడ్లు పూర్తిగా అరిగి, ఇనుము ఇనుమును గీకుతోంది. మందం కొలిచే వెర్నియర్‌ను డిస్క్ అంచుకు పట్టించాను. ఇరవై ఒకటి. "డిస్కులు మస్తుగున్నయన్నా" అనబోయి, ఎందుకో ఈ బండి పని రాసుకున్న పాత జాబ్ కార్డు తీసి చూశాను. పోయినేడు ప్యాడ్లు వేసినప్పుడు అందులో నా చేత్తో రాసిన అంకె కూడా ఇరవై ఒకటే.

ఏడాది తిరిగిన డిస్క్ వెంట్రుకవాసి కూడా అరగకుండా ఎలా ఉంటుంది?

ప్యాడ్ తగిలే చోటు అరుగుతుంది గానీ, తగలని అంచు ఎప్పటి మందంతోనే కట్టలాగ నిలబడి ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. అందుకే అరిగినచోట రెండు వైపులా చెరో రూపాయి బిళ్ల పెట్టి, వాటి మీద నుంచి కొలిచి, బిళ్లల మందం తీసేయాలి. ఇది నాకు తెలియని విద్య కాదు. పోయినేడు బండ్ల రద్దీలో, అంచు మీద కొలిచి, చూడగానే చెప్పేశానన్న గర్వంతో పంపించేశాను.

రెండు బిళ్లలు పెట్టి కొలిచాను. పద్దెనిమిదిన్నర. అవతలి చక్రానిదీ అంతే. ఇంత పల్చటి డిస్క్ గట్టిగా తొక్కితే కాగిపోతుంది, పగిలినా పగులుతుంది.

కొత్త డిస్కుల కోసం ఫోన్ చేస్తే రేపు మధ్యాహ్నానికి గానీ రావన్నారు. ఆ మాటే చెప్పాను.

"పాడ్లేసి ఇయ్యి, సాలు. డిస్కులు తర్వాత ఏస్కుందాం. పోయినేడు నువ్వే గదా మంచిగున్నయన్నవ్?"

ఇప్పుడే ఖరాబైనయి అంటే ఆయన నమ్మేవాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"పోయినేడు నేను తప్పు కొలిచిన అన్నా. గప్పుడే మార్చాల్సి ఉండెనేమో. గీ బండి నేనియ్య."

ఆయన చేతిలోని ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఏడాది సంది నా పెండ్లాం పిల్లలు గీ బండ్లనే తిరుగుతుండ్రు సత్తయ్యా" అన్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. "రేపు నా కారుల పోదామన్నా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే నా కారులో ఆయన్ని ఎక్కించుకుని నేనే నడిపాను. తొమ్మిది కాకముందే స్వరూప గడప దాటింది. వాళ్లమ్మ పంపిన దుప్పటి ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. వచ్చేటప్పుడు తుర్కపల్లి దగ్గర గొర్రెల మంద రోడ్డెక్కింది. ముందున్న లారీ ఒక్కసారిగా ఆగింది. బ్రేక్ మీద నా బరువంతా వేశాను. లారీకి మూరెడు దూరంలో కారు ఆగింది.

"ఏమైంది నాయినా?" అంది స్వరూప, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని.

"ఏం గాలే బిడ్డా. గొర్లు."

నర్సింలన్న నా వైపు వంగి మెల్లగా అడిగాడు. "నా బండైతే గీడ ఆగుతుండెనా?"

"తెల్వదన్నా" అన్నాను. అంతకన్నా నిజం నా దగ్గర లేదు.

ఆ మధ్యాహ్నం కొత్త డిస్కులు వేస్తుంటే, విప్పిన పాతదాని లోపలి వైపు, బయటికి కనిపించనిచోట, వేలెడు పగులు కనిపించింది. దాచాలనిపించలేదు. ఆయనకు చూపించాను. వేలితో ఒకసారి తడిమి వెనక్కిచ్చాడు.

అనవసరంగా సామాను మార్పించకపోవడమే నిజాయితీ అని అన్నేళ్లూ అనుకున్నాను. సరిగ్గా కొలవకుండా "బాగుంది" అనడం కూడా అబద్ధమేనని ఆ పగులు చూశాక తెలిసింది.

స్వరూపకు ఆడపిల్ల పుట్టింది. నర్సింలన్న ఇప్పటికీ బండి నా దగ్గరికే తెస్తాడు. మునుపటిలాగే ఛాయ్ తాగుతాడు, నవ్విస్తాడు. చక్రం విప్పగానే మాత్రం గ్లాసు పక్కన పెట్టి లేచొస్తాడు. జేబులోంచి రెండు రూపాయి బిళ్లలు తీసి నా చేతిలో పెడతాడు.

"పెట్టు సత్తయ్యా. నేను గూడ జూస్త."