రెండూ ఒకటే హెలికాప్టర్

ఈ రోజు వికారాబాద్‌లో పదో తరగతి చదివే ఒక అమ్మాయి సరైన జవాబు చెబితే, నేను అది తప్పని తీర్పు ఇచ్చాను. బడుల మధ్య జరిగిన క్విజ్‌లో ఆఖరి ప్రశ్న నాది. తెర మీద రెండు అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బొమ్మలు చూపించి, పాత రకం ఏది, కొత్త రకం ఏది అని అడిగాను. ఒకదానికి తిరిగే రెక్కల పైన బోర్లించిన కుండలాంటి రాడార్ ఉంది, రెండోదానికి లేదు. పెద్దేముల్ నుంచి వచ్చిన శైలజ లేచి, "రెండూ కొత్తయే సార్. ఒకదానికి మీద డబ్బా బిగించలే, గంతే" అంది.

"గంత పెద్ద డబ్బా ఉన్నది, లేనిది తెలుస్తలేదా? కండ్లద్దాలు ఇంట్ల మర్చినవా బిడ్డా?" అన్నాను. హాలంతా నవ్వింది. ఆ ఒక్క జవాబుతో, హైదరాబాద్ పోటీకి వెళ్లే అవకాశం ఆమె జట్టు నుంచి పక్క జట్టుకు పోయింది.

మధ్యాహ్నం తాండూరులో ఇంటికి వచ్చి, ఆ బొమ్మలు అతికించి ఉన్న నా చిన్ననాటి నోటుబుక్కును బీరువాలో పెట్టబోతూ తెరిచాను. మైదా జిగురు, గోనెసంచుల దుమ్ము కలిసిన వాసన. ఆ వాసనతోనే మా అక్క సుజాత బొటనవేలు గుర్తొచ్చింది.

మా నాన్నది కందుల అడ్తి, రైతుల పంటకు బేరం కుదిర్చి అమ్మిపెట్టే దుకాణం. చలికాలం వచ్చిందంటే కొడంగల్ వైపు నుంచి, సరిహద్దు అవతలి ఊళ్ల నుంచి బండ్లు వచ్చి దుకాణం ముందు ఆగేవి. సగం తెలుగు, సగం కన్నడం కలిసిన బేరాలు, ఎద్దుల మెడగంటలు, ఎండపొడలో లేచే సన్నటి దుమ్ము, లోపల అమ్మ ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి కందికాయల వేడి వాసన, వాటిని పళ్లతో ఒలుచుకుంటూ సంచుల మీద కూర్చున్న మేమిద్దరం. నాన్న సంచి మూతిలో కనిపించే గింజను చూసి ఎన్నడూ మాట చెప్పేవాడు కాదు. చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి దాకా సంచిలోకి దూర్చి, అడుగు నుంచి పిడికెడు తీసి అరచేతిలో పరిచి, ఒక గింజ కొరికి చూసేవాడు. "మీద మంచి గింజ ఎవలన్న పోస్తరు. అడుగుల ఏమున్నదో చూడాలె" అనేవాడు. ఆ విద్య అక్కకు అబ్బింది. నాకు గద్దె మీద కూర్చోవడం ఒక్కటే అబ్బింది.

పక్క కిరాణా దుకాణానికి పొట్లాల కోసం పాత పత్రికలు కట్టలుగా వచ్చేవి. వాటిని చించకముందే అక్క కత్తెర పట్టుకుని వెళ్లి హెలికాప్టర్ల బొమ్మలు కత్తిరించి తెచ్చేది. ఒక రోజు ఈ రెండు బొమ్మలు దొరికాయి. డబ్బా ఉన్నది కొత్తది, లేనిది పాతది అన్నాను. అక్క బొటనవేలితో ఆ డబ్బాను మూసింది.

"గిప్పుడు బుగ్గలు చూడురా" అంది. పైలట్ గదికి రెండు పక్కలా కింద ఉండే ఉబ్బు అది. పాత రకానికి సన్నగా ఉండి మధ్యలోనే ఆగుతుంది, కొత్త రకానికి లావుగా ముందు దాకా సాగుతుంది. "డబ్బా అంటే తీస్తే వోతది, పెడితే వస్తది. బుగ్గలు యాడికి వోతయి?"

నేను చూశాను. రెండింటికీ బుగ్గలు ఒకేలా, లావుగా ముందు దాకా ఉబ్బి ఉన్నాయి. చూసి కూడా ఏడ్చుకుంటూ నాన్న దగ్గరికి పోయాను. నాన్న చేయి సంచిలో ఉంది. బొమ్మ వైపు తల కూడా తిప్పలేదు.

"చిన్నోడు చెప్పినట్టే రాయరాదే, ఏం వోతది? ఆడివిల్లవు, నీకెందుకే గీ తుపాకుల ముచ్చట?"

ప్రతి సంచి అడుగూ చూసిన మనిషి మా ఇద్దరిలో ఎవరి మాట నిజమో చూడలేదు. అక్క కత్తెరను తక్కెడ పళ్లెంలో పెట్టి లోపలికి పోయింది. మళ్లీ ఒక్క బొమ్మా కత్తిరించలేదు. డబ్బా లేని బొమ్మ కింద నేను ఎర్ర సిరాతో 'పాత రకం' అని రాసుకున్నాను. పాతికేళ్లుగా ఆ రాతను నేనే నమ్ముతూ వచ్చాను. ఈ రోజు దాన్నే ప్రశ్న చేసి, ఒక పిల్లను నలుగురిలో నవ్వులపాలు చేశాను. అప్పుడు నాన్న తల తిప్పలేదు. ఇప్పుడు నేను తిప్పలేదు. నా మీద నాకే ఎంత చిరాకు వేసిందంటే, అన్నం కూడా ముట్టలేదు.

పోటీ నడిపించిన మాస్టారికి ఫోన్ చేశాను. "పేర్లు హైదరాబాద్‌కు రేపు పొద్దుగాల పంపుతం. మీరు రాసిస్తే మారుస్తం సార్. గని గా పక్క జట్టు పిల్లలకు మీరే చెప్పాలె" అన్నాడు. రాసి పంపాను. రేపు ఆ పిల్లల ముందు నిలబడతానని ఒప్పుకున్నాను. తరువాత నోటుబుక్కు పట్టుకుని షేర్ ఆటోలో పెద్దేముల్ పోయాను.

శైలజ తల్లి అప్పుడే కూలి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. "ఏమైంది సారూ, మా పిల్ల ఏమన్న తప్పు చేసిందా?" అని కంగారుపడింది.

"తప్పు నేను చేసిన అక్కా" అన్నాను.

శైలజ నోటుబుక్కు అందుకుని, ఎవరూ చెప్పకుండానే బొటనవేలితో డబ్బాను మూసింది. "నేను గప్పుడే చెప్పిన కద సార్."

"మల్ల గట్టిగ ఎందుకు కొట్లాడలే?"

"అందరు నవ్విన్రు కద సార్."

తిరిగి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. మా అడ్తి ఉన్న చోట ఇప్పుడు ఫోన్ల దుకాణం. నాన్న లేడు, తక్కెడ లేదు, కందికాయల వాసన లేదు. అక్క కొడంగల్‌లో బట్టలు కుడుతుంది. ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"గా ఎర్ర రాత ఇంక ఉన్నదారా?"

"ఉన్నది."

"కొట్టెయ్."

కొట్టేసి, పక్కనే 'కొత్త రకం. చెప్పింది సుజాత' అని రాసి, అది ఆమెకు చదివి వినిపించాను. అక్క, "గా పిల్ల హైదరాబాద్ వోయే రోజు నాకు చెప్పు, నేను గూడ వస్త" అని మళ్లీ మిషన్ తొక్కింది.