పైపు ఊడినా ఆగని మోటారు

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మా అత్తగారి పాత ఊరు సాగర్ నీళ్ల కింద మునిగి ఉంది. ఇళ్లు, బావులు, చచ్చినవాళ్లను పాతిన బొందలగడ్డ, అన్నీ అడుగునే ఉన్నాయి. రోజూ వాటి మీదుగా పడవ నడిపే మనిషిని నేను. చచ్చినవాళ్లు కనిపించడమే నిజమైతే ముందు నాకే కనిపించాలి. ఇంతవరకు ఒక్కరూ కనిపించలేదు.

మాది దేవరకొండ వైపు, కృష్ణ ఒడ్డున ఒక చిన్న పల్లె. అడవిలోంచి వచ్చే బాట వానలకు తెగిపోతుంది. నీళ్లు దాటి అవతలి గట్టుకు పోతేనే రోడ్డు, అంబులెన్సు. వంతెన వేస్తామని రాష్ట్రం రాకముందు చెప్పారు, వచ్చాకా చెప్పారు. అలా చెప్పిపోయిన వాళ్లందరినీ మా పడవలోనే దాటించాం.

పడవ నా భర్త సోమయ్యది. ఒకరోజు ఆయనకే గుండెలో నొప్పి వచ్చింది. ఆయన పడవలోనే ఆయన్ను పడుకోబెట్టుకుని బయల్దేరాం. మా మరిది మోటారు పట్టాడు. నడిమధ్యకు వచ్చాక మోటారు ఆగిపోయింది. డబ్బాలో పెట్రోలు ఉంది. మరిది అరచేతుల తోలు లేచిపోయేదాకా తాడు గుంజాడు. మోటారు పలకలేదు. గట్టు చేరకముందే ఆయన నా ఒళ్లో పోయాడు.

దినాలయ్యాక మెకానిక్ వచ్చి ఒక్కసారి తాడు గుంజితే అదే మోటారు మోగింది. ఏమీ చెడలేదన్నాడు. మరిది మళ్లీ పడవ ఎక్కలేదు. షాద్‌నగర్‌లో కంపెనీ పనికి పోయాడు. నేను నేర్చుకున్నాను. పిడి ఎటు తోస్తే పడవ దానికి ఎదురు దిక్కు తిరుగుతుందని, చప్పుడు మారితే నీళ్లలో తిరిగే పంఖాకు గడ్డి చుట్టుకుందని, అన్నీ నడుపుతూనే తెలుసుకున్నాను. ఆ మోటారంటే నాకు కసి. కానీ ఊళ్లో ఉన్నది అదొక్కటే.

ఆ తర్వాతి వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఎల్లవ్వ పరుగెత్తుకొచ్చింది. మా వాడకట్టులోనే ఉంటుంది, నాకు పెద్దమ్మ వరస. ఆమె కోడలు మంజులకు కాన్పు నొప్పులు మొదలై, రక్తం పోతోంది. మంజులను పడుకోబెట్టడానికి జాగా కావాలని పెట్రోలు డబ్బాను ముందుకు జరిపాం. ఎల్లవ్వ దాని పక్కన కూర్చుంది. నేను వెనక మోటారు దగ్గర ఉన్నాను.

"జర జల్ది పోనియ్యి బిడ్డా. పిల్ల సల్లబడుతాంది," అంది ఎల్లవ్వ.

"పట్టుకొని కూసో పెద్దమ్మా. లేవకు," అన్నాను.

గాలి ఎదురుగా ఉంది. అలలు పడవలోకి కొడుతున్నాయి. నా చూపంతా అవతలి గట్టు మీదే. మోటారు ఎక్కడ ఆగుతుందోనని పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. అది ఆగలేదు. అంత నున్నగా అది నడవడం నేనెప్పుడూ వినలేదు.

గట్టు మీద అంబులెన్సు సిద్ధంగా ఉంది. మంజులను ఎక్కించారు. ఎల్లవ్వ కూడా వెళ్లింది. పడవను కట్టేసి వెనక్కి తిరిగితే మోటారు ఇంకా మోగుతూనే ఉంది. అప్పుడు చూశాను. డబ్బా నుంచి మోటారుకు పోయే పైపు డబ్బా దగ్గర ఊడి, కొస పడవ అడుగున నీళ్లలో పడి ఉంది.

ఆ కొసను చేతిలోకి తీసుకున్నాను. మోటారు ఆగిపోయింది. నేను ఆపలేదు. డబ్బా మూత తీసి చూస్తే, పోసిన పెట్రోలు పోసినట్టే ఉంది.

పైపు ఊడినా లోపల మిగిలిన పెట్రోలుతో కాసేపు నడుస్తుందని మెకానిక్ చెప్పాడు. నేనూ పరీక్షించాను. కావాలని పైపు పీకి నడిపితే, మా గట్టు దగ్గర పాతిన వలకర్రలు దాటకముందే ఆగిపోయింది. సరే, ఆ రోజు పైపు అవతలి గట్టు దగ్గరికి వచ్చాకే ఊడి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

మనవడిని ఎత్తుకుని ఎల్లవ్వ తిరిగొచ్చిన రోజు ఆ మాట కూడా నిలవలేదు. తల్లీ పిల్లాడూ బాగున్నారు.

"పైపు మన గట్టు కాడనే ఊడింది బిడ్డా. నేను సూసిన," అంది.

"మరి జెప్పవైతివేంది?"

"జెప్తె ఆపుతవు. ఆపితె మల్ల మోగుతదో లేదో. మీ సోమయ్యప్పుడు సూడలేదా?" గొంతు తగ్గించింది. "ఆయననే నడిపిండు. గట్టు దాక తీస్కపొయ్యిండు."

నాకు ఒళ్లు మండింది. "ఊరోళ్లకు నడిపెటోడు, తను పొయ్యిననాడు నాకోసం ఒక్కపారి నడిపితె ఏం పోయె పెద్దమ్మా?" అన్నాను.

 ఎల్లవ్వ పిల్లాడి తల మీద కొంగు కప్పి వెళ్లిపోయింది.

అది ఎలా నడిచిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగినవాళ్లకు తెలియదనే చెబుతాను. ఊళ్లో మాత్రం అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు ఆడవాళ్లు పడవ ఎక్కే ముందు మోటారుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుంటున్నారు. నేను వద్దనను. వాళ్లను దాటించి, దిగి గట్టెక్కి కనపడకుండా పోయేదాకా ఆగుతాను. తర్వాత పెట్రోలు గుడ్డతో ఆ బొట్టు తుడిచేస్తాను.