కోపం లేని బీపీ

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, మా చిన్నమ్మ మింగవలసిన గోళీలను వారం రోజులపాటు బడికి వెళ్లే దారిలో వాగులో పారేశాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు.

చిన్నమ్మ అంటే మా బాబాయి భార్య. అప్పుడు ఆమెకు ఏడో నెల. భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న మా ఊరికి ప్రతి బుధవారం నర్సమ్మ స్కూటీ మీద వచ్చేది. ఒక బుధవారం చిన్నమ్మ చేతికి పట్టీ చుట్టి చూసి, బీపీ ఎక్కువగా ఉందన్నది. ఆ రోజే ఆటోలో పీహెచ్‌సీకి తీసుకెళ్లి, డాక్టరుకు చూపించి, మూత్రం పరీక్ష చేయించి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకోవాలని గోళీలు ఇప్పించింది.

మా ఊళ్లో బీపీ అంటే కోపం. ఎవరైనా గట్టిగా అరిస్తే వాడికి బీపీ లేచిందనేవారు. మా చిన్నమ్మ మాట్లాడితే పక్క గదిలోకి కూడా వినపడేది కాదు. అందుకే మా నాయనమ్మ ఆ గోళీలు చూసి నవ్వింది.

"పిల్లికి సుత ఎదురు చెప్పదు, దీనికి బీపీ ఏంది? ఉంటే నాకుండాలె. గా గోళీలు మింగితే కడుపుల బిడ్డకు పడదు."

చిన్నమ్మ అత్త మాట కాదనలేదు. నర్సమ్మను నొప్పించడమూ ఆమెకు ఇష్టం లేదు. అందుకని రోజూ రెండు గోళీలు అట్టలోంచి తీసి, పారేయమని నా చేతిలో పెట్టేది. ఎందుకని నేను అడగలేదు. అడగడం నాకు చేతకాదు.

మళ్లీ బుధవారం నర్సమ్మ వచ్చేసరికి చిన్నమ్మ గాజులు చేతికి బిగుసుకుపోయి ఉన్నాయి. బీపీ ఇంకా పెరిగింది. నర్సమ్మ ఖాళీ అట్ట చూసింది, చిన్నమ్మ ముఖం చూసింది, తర్వాత నా ముఖం చూసింది. ఇంకొకరైతే కేకలు వేసేవారే. ఆమె మాత్రం నాయనమ్మ పక్కన చాప మీద కూర్చుని, తీరిగ్గా పక్కింటి మేకల సంగతి ఎత్తింది.

నాయనమ్మకు అది చాలు. "నా చిక్కుడు తీగ తప్ప ఊర్ల వాటికి ఇంకేం దొరకలేదా? మేకలకు బుద్ధి లేకపోతే పాయె, దానికన్న ఉండాలె కదా!" అని మేకలను, వాటిని పెంచే ఆమెను కలిపి తిట్టడం మొదలుపెట్టింది. నర్సమ్మ "అవ్ అవ్వా, మరి" అంటూనే ఆమె చేతికి పట్టీ చుట్టింది. తిట్ల మధ్య ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మిషన్ నొక్కి, అంకెలు చదవమని నన్ను పిలిచింది.

నాయనమ్మది నూట ముప్పై నాలుగు, కింద ఎనభై రెండు. తర్వాత గోడకు ఆనుకుని కదలకుండా కూర్చున్న చిన్నమ్మది చదివాను. నూట యాభై ఎనిమిది, కింద నూట నాలుగు.

"తిట్టింది నేనైతే దానికెట్ల లేచింది?" అన్నది నాయనమ్మ.

"గదే అవ్వా. కోపానికి కొంచెం పెరిగినా మళ్ల దిగుతది. ఇది కడుపుతోటి వచ్చింది, కోపంతోటి పని లేదు. మిర్చి చేన్ల మందు కొడతరు కదా, పంపు మస్తు కొడితే పైపు ఏమైతది?"

"పగులుతది."

"పగిలితే చివరి సాలుల చెట్లకు మందు అందుతదా?"

"యాడ అందుతది?"

"కడుపుల బిడ్డ చివరి సాలుల ఉన్నదవ్వా."

నాయనమ్మ లేచి, తనే చెంబుతో నీళ్లు తెచ్చి కోడలికి ఇచ్చింది. నర్సమ్మ కొత్త గోళీల అట్ట నా చేతిలో పెట్టింది. చిన్నమ్మ మింగేదాకా చూసి నోటుబుక్కులో టిక్కు పెట్టడం నా పని అన్నది. తలనొప్పి అన్నా, కళ్లు మసక అన్నా, కడుపు పైభాగంలో నొప్పి అన్నా బుధవారం దాకా ఆగకుండా ఫోన్ చేయమని నంబరు రాసిచ్చింది. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

నెలన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం చిన్నమ్మ బియ్యం ఏరుతూ, "రాళ్లు కనపడతలేవే, చేటంత మసకగున్నది" అని నవ్వింది. బాబాయి ఫోన్ తీసుకుని పనికి పోయాడు. నాయనమ్మ మిర్చి కోతలో ఉంది. నేను మేకల ఆమె గడప ముందు నిలబడి, జీవితంలో మొదటిసారి పరాయి మనిషిని నోరు తెరిచి ఫోన్ అడిగాను.

"ఏందే, మీ నాయనమ్మ మళ్ల తిట్టి రమ్మన్నదా?" అంటూనే ఆమె నంబరు కలిపింది.

నర్సమ్మ అరగంటలో వచ్చింది. బీపీ చూసి, 108ని పిలిచి, డాక్టరుతో ఫోన్లో మాట్లాడి సూది వేసి, చిన్నమ్మ చెయ్యి పట్టుకుని పెద్ద దవాఖానా దాకా వెంట వెళ్లింది. మర్నాడు తమ్ముడు పుట్టాడు, తక్కువ బరువుతో. ఇద్దరూ దక్కారు. కాన్పయ్యాక కూడా బీపీ పూర్తిగా దిగేదాకా ఆమె వచ్చి పట్టీ చుడుతూనే ఉంది.

నేను ఇప్పటికీ నలుగురిలో మాట్లాడలేను. కానీ బస్సులో గర్భిణి ఎవరైనా పక్కన కూర్చుంటే, "అక్కా, బీపీ చూపించుకున్నవా?" అని అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. కొందరు నిజంగానే చూపించుకోలేదంటారు.

తమ్ముడు పుట్టి ఏడాది తిరగకముందే నర్సమ్మకు ఇల్లందు వైపు బదిలీ అయింది. వెళ్లే రోజు స్కూటీ ఎక్కబోతూ ఆగి, తలవంచుకుని నిలబడ్డ నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"మెల్లగ చెప్పినా మంచిదే బిడ్డా, గాని చెప్పు."