దక్కిన వేళ్ళు

1974 వేసవిలో నన్ను కార్మిక బీమా ఆసుపత్రి ఎముకల విభాగంలో అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. పాతబస్తీ కార్ఖానాల్లో దెబ్బలు తగిలినవాళ్ళు ఎక్కువమంది మా దగ్గరికే వచ్చేవారు. నేను చేతి శస్త్రచికిత్సలో ప్రత్యేకంగా శిక్షణ పొంది వచ్చినవాణ్ణి. నలిగిన వేలును తీసేయడం పాత పద్ధతి, దక్కించడం కొత్త పద్ధతి అని గట్టిగా నమ్మేవాణ్ణి.

ఆ సంవత్సరమే యాదగిరిని తీసుకొచ్చారు. కిషన్‌బాగ్‌లో ఇల్లు, శాలిబండలో పని. రేకు పెట్టెలు చేసే కార్ఖానాలో, రేకును నొక్కి వంచే ప్రెస్సు కింద కుడి చెయ్యి పడి చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు నలిగాయి. మూడూ చర్మాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. తీసేయడం చిటికెలో పని. నేను మాత్రం సగం రోజు నిలబడి ఎముకల్లో తీగలు గుచ్చి, వేళ్ళను వంచే టెండన్లను కలిపి కుట్టాను. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. చివరికి వేళ్ళు నిలిచాయి. డిశ్చార్జి కాగితంలో ‘ఫలితం సంతృప్తికరం’ అని రాశాను. సర్జన్ల భాషలో అది నిజమే. వేళ్ళలో రక్తం ఆడుతోంది, గాయం మానింది. సర్జన్ల సమావేశంలో ఆ చేతి ఫొటోలు చూపిస్తే చప్పట్లు కొట్టారు.

బీమా చట్టం ప్రకారం, పనిలో దెబ్బ తగిలి శాశ్వతంగా నష్టపోయిన కార్మికుడికి జీవితాంతం నెలనెలా పరిహారం వస్తుంది. సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్న దాన్ని బట్టి ఆ మొత్తం ఉంటుంది. తెగిపోయిన అవయవాలకు చట్టంలోనే పట్టిక ఉంది, దాని మీద వాదన లేదు. తెగకుండా చెడిపోయినవాటిని మెడికల్ బోర్డు చూసి శాతం నిర్ణయించాలి. యాదగిరి వేళ్ళు తెగలేదు కాబట్టి అతన్ని బోర్డుకు పంపారు.

బోర్డు అధ్యక్షుడు నా ఫొటోలకు చప్పట్లు కొట్టినవారిలో ఒకరు. ఆయన చెయ్యి చూసి, నా పనితనానికి ముచ్చటపడి, నామమాత్రపు శాతం రాశారు.

కొన్నాళ్ళకు యాదగిరి నా గదికి వచ్చాడు. వెంట కరీం అనే స్నేహితుడున్నాడు. అదే కార్ఖానాలో పనిచేస్తూ, నేను ఆ ఆసుపత్రికి రాకముందే అవే మూడు వేళ్ళు పోగొట్టుకున్నవాడు. అప్పటి డాక్టరు వాటిని తీసేసి, మిగిలిన మొండిని కుట్టి పంపేశారు. కరీం మిగిలిన రెండు వేళ్ళతో సుత్తి పట్టడం నేర్చుకుని మళ్ళీ పనిలో చేరాడు. పట్టిక ప్రకారం పరిహారం కూడా అందుకుంటున్నాడు.

యాదగిరి చెయ్యి ముందుకు చాపాడు. మూడు వేళ్ళూ కర్రల్లా నిటారుగా ఉన్నాయి.

“వేళ్లున్నయి సార్, లెవ్వంటలేను. గని వంగుతలెవ్వు. సుత్తి పడ్దామంటే గివే అడ్డమొస్తున్నయి. సేఠ్ పనిలకు రావొద్దన్నడు.”

కరీం నవ్వాడు. “నాకు దొరికిన డాక్టర్ మామూలాయన సార్. యాదగిరి భాయ్‌కి దొరికినోళ్లు మస్తు పెద్ద డాక్టర్. గందుకే నాకు పైసలొచ్చినయి, ఈయనకు వేళ్లొచ్చినయి.”

నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. యాదగిరి మాత్రం నవ్వలేదు. “ఇప్పుడు గివి తీసేస్తే కరీం లెక్కనే నాకు గుడ ఇస్తరా సార్?” అని అడిగాడు.

పరిహారం కోసం వేళ్ళు తీయడం కుదరదని చెప్పాను. బోర్డు నిర్ణయం మీద ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోమని, నేను సాక్ష్యం చెబుతానని అన్నాను.

విచారణ రోజు బీమా కార్యాలయం తరఫు వకీలు నన్ను పొగడటంతో మొదలుపెట్టారు. నా శిక్షణ, నా ఫొటోలు, నా డిశ్చార్జి కాగితం, అన్నీ న్యాయాధికారికి వివరించారు. అంత గొప్ప ఆపరేషన్ చేసిన డాక్టరే దాన్ని తక్కువ చేస్తూ సాక్ష్యం చెప్పడానికి రావడం వింతగా ఉందన్నారు. నా జీవితంలో నన్ను అంతగా పొగిడినవారు లేరు. నేను నిలబడి, ఆ వేళ్ళకు ప్రాణం ఉంది గానీ పని లేదని, ఆయన మెచ్చుకున్న ప్రతి ఫొటోలోనూ వేళ్ళు చాచే ఉన్నాయని, వంచినట్టు ఒక్క ఫొటో కూడా లేదని చెప్పాను. ఉండే వీలు లేదు, అవి వంగవు.

న్యాయాధికారి యాదగిరిని ఇంట్లో తన పనులు తాను చేసుకోగలడా అని అడిగారు. చేసుకుంటానన్నాడు. వెనక కూర్చున్న అతని భార్య సత్తమ్మ లేచి నిలబడింది.

“అబద్ధం సార్. సిగ్గువడి జెప్తలేడు. అంగి గుండీలు నేనే వెడ్త, అన్నం నేనే కలిపిస్త.”

యాదగిరి తల దించుకున్నాడు. అన్నాళ్ళుగా చూస్తున్నా ఆ మాట నాకు కూడా చెప్పలేదు. ఆరోగ్యవంతుడిలా కనపడాలన్న పట్టుదలతో బోర్డు తక్కువ శాతం రాయడానికి అతనూ నాలాగే సాయం చేశాడని అప్పుడు అర్థమైంది.

మూడు వేళ్ళూ పోయినట్టే లెక్కించాలని ఉత్తర్వు వచ్చింది. కరీంకు వచ్చే శాతమే యాదగిరికీ ఖాయమైంది.

కొన్ని నెలల తర్వాత అతను మళ్ళీ వచ్చాడు. నడిమి వేలు ప్రతిదానికీ తగులుకుంటోంది, పుండు పడుతోంది, తీసేయమన్నాడు. ఈసారి అది వైద్యపరంగానే అవసరం. పరిహారానికి ఇబ్బంది రాకూడదని ముందుగా కార్యాలయానికి రాశాను. సదరు వేలు ఇదివరకే పోయినట్టు నమోదై ఉన్నందున దాన్ని తొలగించడానికి అభ్యంతరం లేదని జవాబు వచ్చింది. లేని వేలిని తీయడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఆ తర్వాత, మిగిలిన రెండు వేళ్ళ నడుమ ఖాళీలో సుత్తి పిడి ఇరికించి పట్టుకోవడం అతనికి కుదిరింది. కార్ఖానాలో ప్రెస్సు మీద కాకుండా రేకు కొట్టే దగ్గర సేఠ్ మళ్ళీ పని ఇచ్చాడు.

పదవీ విరమణ దాకా నేను చేతులకే ఆపరేషన్లు చేశాను. దక్కించగలిగిన వేలును దక్కించడం మానలేదు. కానీ డిశ్చార్జి కాగితంలో ఫలితం రాసే ముందు, ఆ చేత్తో ఏ పని చేయగలడో, ఏది చేయలేడో నా ఎదుటే చేయించి చూసేవాణ్ణి. వీలైతే ఇంట్లోవాళ్ళను కూడా అడిగేవాణ్ణి. నా కింద పనిచేసే డాక్టర్లతో కూడా అలాగే రాయించాను. కుట్టిన చోటు బాగుందని మేం రాస్తే, మనిషి బాగయ్యాడని కార్యాలయం చదువుతుంది.