మా ఎం-వన్ రత్నం మాస్టారు

నరసాపురం బస్టాండు దగ్గర ఉడికించిన తేగల వాసన తగిలితే చాలు, ఇప్పటికీ రత్నం మాస్టారే గుర్తొస్తారు. ఇంజనీరింగు మొదటి ఏడాది లెక్కల పేపరు, అదే ఎం-వన్, తప్పిన మా పదకొండుమందికీ ఆయనే స్పెషల్ క్లాసు చెప్పేవారు. వస్తూ వస్తూ తేగల కట్ట పట్టుకొచ్చేవారు. "ముందు తినండర్రా, ఆకలి మీద మాత్రికలు ఎక్కవు" అనేవారు. అందరూ ఆయన్ని సార్ అంటే నేను మాత్రం మాస్టారూ అనే పిలిచేదాన్ని.

నేనా, మొగల్తూరు బళ్ళో లెక్కల్లో ఎప్పుడూ ఫస్టే. ఎలాగనుకున్నారు? గైడు మొత్తం బట్టీ! కాలేజీలోనూ అదే మంత్రం వేస్తే బెడిసికొట్టింది. "సప్లిమెంటరీ కూడా పోతే ఇంక చదువు చాలమ్మా, ఇంటికొచ్చెయ్" అన్నారు నాన్న. ఆయన అరిచినా బాగుండేది. మెల్లగా అనేసరికి భయమేసింది. చదువు ఆగిపోతుందన్న బెంగతో అన్నం సహించేది కాదు.

మొదటిరోజే మాస్టారు చిన్న పరీక్ష పెట్టారు. గైడులో ఉన్న రెండు వరసల మాత్రికే, ఒక్క అంకె మార్చి ఇచ్చారు. నేను చూసుకుంటేగా! గైడులో జవాబు గడగడా దించేశాను: ఆ మాత్రిక నుంచి రాబట్టాల్సిన రెండు అంకెలు, అంటే ఐగెన్ విలువలు, ఒకటి, ఆరు. ఆయన నా కాగితం ముందు పెట్టుకున్నారు.

"మాత్రికలో పై ఎడమ మూల అంకె, కింది కుడి మూల అంకె కూడమ్మా."

"ఐదూ ఐదూ పదండి."

"నీ జవాబులు రెండూ కూడు."

"ఏడండి."

"రెండు మొత్తాలూ ఒకటే అవ్వాలి కదా. మరి ఇది ఎవరి లెక్కమ్మా?"

సిగ్గుతో చచ్చిపోయాను. గబగబా వైట్నర్ తీస్తే, ఆయన అది లాక్కుని జేబులో వేసుకున్నారు. "తప్పుని పూడ్చేస్తే రేపు ఎక్కడని వెతుక్కుంటావు? ఒక్క గీత కొట్టి పక్కనే మళ్ళీ చెయ్యి" అన్నారు. ఆ రోజు ఆయన మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

ఓ వారానికి బోర్డు మీద ఆయనే మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ వేశారు. అందరూ తలొంచుకుని నోట్సులోకి ఎక్కించుకుంటున్నారు. నేను మూలల అంకెలు, ఆయన జవాబులు విడివిడిగా కూడి చూశాను. కుదరలేదు. లేచి నిలబడి, "మాస్టారూ, మొత్తం సరిపోవట్లేదండి" అన్నాను. ఆయన డస్టరు ముట్టుకోలేదు. ఆ వరస మీద గీత కొట్టి పక్కన సరిచేసి, "నా తప్పు పట్టావు కదమ్మాయ్, నీ తప్పు పట్టలేవా?" అన్నారు. అంతకుముందు నన్ను అలా నమ్మినవాళ్ళు లేరు.

సప్లిమెంటరీలో సరిగ్గా అలాంటి లెక్క దగ్గరే మొత్తం కుదరలేదు. ఇంకా పది నిమిషాలే మిగిలాయి. వరస వరసా వెనక్కి వెళ్ళాను. మూడో వరసలో దొరికింది దొంగ! గీత కొట్టి మళ్ళీ చేశాను.

ఫలితాలు సెలవుల్లో వచ్చాయి. పాసయ్యాను. కాలేజీ తెరిచిన రోజు బస్సు దిగి స్టాఫ్ రూముకి పరుగెత్తాను. ఆయన కుర్చీలో కొత్త మేడం ఉన్నారు. మాస్టారు ఉద్యోగం మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారట. ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఉన్న ఫోన్ నంబరు పనిచేయలేదు.

ఇప్పుడు నేను కాలువల శాఖలో ఇంజనీరుని. పాసైన కబురు ఆరోజే నాన్నకి చెప్పాను, వీధి వీధంతా చెప్పుకున్నాను. ఏం లాభం? చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు. పని మీద తిరిగే రాజమండ్రి స్టేషన్లో మాస్టారిలాగే తెల్లజుట్టు, దళసరి కళ్ళద్దాల పెద్దాయన ఎవరైనా కనబడితే, మీదపడే జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోతాను. దగ్గరికెళ్ళి చూస్తే వేరెవరో. "ఏంటమ్మా?" అంటారు. "ఏం లేదండి" అంటాను.